పేకాట సుంకంతో లేచిన గోడ: మనీలా ఇంట్రామూరోస్ ఎవరికి భయపడింది?

1590లో గోమెజ్ పెరెజ్ దాస్మరీన్యాస్ ఫిలిప్పీన్స్ గవర్నరుగా మనీలాలో అడుగుపెట్టే నాటికి ఆ ఊరు స్పెయిన్ చేతికి చిక్కి ఇరవై ఏళ్లయినా నిండలేదు. ఊరి చుట్టూ రాతి ప్రాకారం కట్టాలన్నది రాజాజ్ఞ. ఆ ప్రాకారం లోపలి పాత మనీలానే ఇంట్రామూరోస్ అంటారు. అందుకు కావలసినంత సొమ్ము మాత్రం ఖజానాలో లేదు. మెక్సికో నుంచి ఏటా గాలియన్ ఓడలో వచ్చే వెండి జీతభత్యాలకే చాలీచాలకుండా ఉండేది. గవర్నరు వెతికి పట్టుకున్న ఆదాయ మార్గాల్లో ఒకటి చిత్రమైనది. పేక ముక్కల అమ్మకాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందకు తెచ్చి, హద్దు మీరి జూదమాడేవారిపై జరిమానాలు వేసి, ఆ రాబడిని గోడకు మళ్లించాడు. దానికి ఓడ సరుకుపై సుంకం తోడైంది. ఆ సరుకులో సింహభాగం చైనా నుంచి వచ్చే పట్టు, పింగాణీ. రాయి కొట్టినవారిలో, సున్నం కాల్చినవారిలో, గోడ పేర్చినవారిలో చైనీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. బరువు మోయడానికి, రాళ్లు తరలించడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి స్థానికులను వెట్టికి పట్టుకొచ్చారు. వయసులో ఉన్న స్థానిక మగవాళ్లు ఏడాదికి 40 రోజులు అలా పనిచేయాలన్నది అప్పటి చట్టం.

గోడ పూర్తయ్యాక దాని మీది ఫిరంగుల్లో కొన్నింటిని సముద్రం వైపు తిప్పారు. మరికొన్నింటిని గోడ కట్టిన ఆ చైనీయుల పేట వైపే తిప్పారు.

ఇంట్రామూరోస్ చరిత్రలో ఆసక్తికరమైన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. స్పానిష్ వలస పట్టణాల గోడల గురించి రాసేటప్పుడు సాధారణంగా సముద్రపు దొంగలను, డచ్చి ఓడలను, ఇంగ్లీషు నౌకాదళాన్ని ముందుకు తెస్తారు. కరీబియన్ తీరంలోని కార్తహేనాకు, హవానాకు ఆ మాట చాలావరకు చెల్లుతుంది. మనీలా విషయంలో అది సగమే నిజం. ఈ గోడ నిత్యం చేసిన పని వేరు. ఎవరు లోపల పడుకోవచ్చో, ఎవరు చీకటి పడగానే బయటికి పోవాలో అది తేల్చేది. ఆ పని అది రెండున్నర శతాబ్దాలు సమర్థంగానే చేసింది. సముద్రం మీదుగా నిజమైన శత్రువు వచ్చినప్పుడు మాత్రం రెండు వారాలైనా నిలవలేదు.

చెక్క నుంచి రాతికి

పాసిగ్ నది మనీలా అఖాతంలో కలిసే చోట, నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న త్రికోణాకారపు నేల ఇది. ఉత్తరాన నది, పడమట సముద్రం. అక్కడ మొదటి కోట కట్టింది స్పానిష్ వారు కాదు. స్థానిక పాలకుడు రాజా సులైమాన్ నదీముఖంలో తాటి జాతి దుంగలతో, మట్టితో కట్టుకున్న కోట అప్పటికే ఉంది. దాని మీద ఫిరంగులు కూడా ఉండేవి. 1571లో మిగెల్ లోపెజ్ దె లెగాస్పి ఆ చోటునే స్పానిష్ నగరంగా ప్రకటించాడు. సులైమాన్ కోట ఉన్న మూలలోనే తరువాత ఫోర్ట్ శాంతియాగో లేచింది.

తొలి స్పానిష్ ప్రాకారం కూడా దుంగలతో కట్టినదే. 1574 నవంబరులో లిమాహోంగ్ అనే చైనా సముద్రపు దొంగ పెద్ద నౌకాదళంతో వచ్చిపడి ఊరిని దాదాపు తుడిచిపెట్టినంత పని చేశాడు. తరువాతి దెబ్బ శత్రువు వల్ల తగిలింది కాదు. 1583లో గవర్నర్ రోన్‌కీయో అంత్యక్రియలు జరుగుతుండగా చర్చిలోని కొవ్వొత్తుల నుంచి మంటలు లేచి, చెక్క ఇళ్లు, తాటాకు కప్పులు ఉన్న ఊరంతా తగలబడిపోయింది. ఇల్లయినా కోటయినా ఇక రాతితోనే కట్టాలన్న పట్టుదల ఆ బూడిదలోంచే పుట్టింది.

రాతిపని తెలిసిన వ్యక్తి సైన్యంలో దొరకలేదు. దొరికినవాడు ఒక జెస్యూట్ పాదిరి, అంటోనియో సెదేన్యో. గవర్నర్ సాంతియాగో దె వేరా కాలంలో ఊరికి నైరుతి మూలన, సముద్రపు ఒడ్డున ఆయన పర్యవేక్షణలో ఒక గుండ్రటి రాతి బురుజు కట్టారు. దానికి నుయెస్త్రా సెన్యోరా దె గియా అని పేరు పెట్టారు. గుండ్రటి బురుజు చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఫిరంగుల యుగంలో దానికి పెద్ద లోపం ఉంది. గోడ వంపు తిరిగిన చోట సరిగ్గా కిందకు చేరిన శత్రువు పక్కనున్న ఏ బురుజు నుంచీ కనిపించడు. ఐరోపాలో ఇటలీ ఇంజనీర్లు అప్పటికే ఆ పద్ధతి వదిలేశారు. మనీలాలో కూడా కొన్నేళ్లకే దాన్ని పక్కనబెట్టి, దాని చుట్టూ కోణాకారపు బురుజు కట్టి, పాతదాన్ని లోపల పూడ్చేశారు. అదే నేటి బలువార్తె దె శాన్ దియేగో, అంటే శాన్ దియేగో బురుజు. 20వ శతాబ్దం చివర్లో తవ్వకాలు జరిపినప్పుడు ఒకదానిలో ఒకటి ఇమిడిన రాతి వలయాలు మట్టిలోంచి బయటపడ్డాయి. ఇప్పుడు ఆ వలయాలను పైనుంచి చూడవచ్చు. చుట్టూ బాణపు ములుకులా పొడుచుకొచ్చిన కొత్త గోడ, నడుమ బావి ఒరల్లా పాత గోడలు. రెండు తరాల యుద్ధవిద్య ఒకే చోట ఇంత స్పష్టంగా కనబడే తావులు అరుదు.

దాస్మరీన్యాస్ కాలంలో మొదలైన ప్రాకారాన్ని తరువాతి గవర్నర్లు పెంచుతూ, మారుస్తూ పోయారు. చివరికి అది సుమారు నాలుగున్నర కిలోమీటర్ల పొడవుకు చేరి, 64 హెక్టార్ల పైచిలుకు నేలను చుట్టుకుంది. పాసిగ్ నదికి ఎగువన గ్వాదలూపె దగ్గర తవ్విన రాయిని పడవల మీద కిందకు తెచ్చేవారు. అగ్నిపర్వత బూడిద గట్టిపడి ఏర్పడిన రాయి అది. తవ్వినప్పుడు మెత్తగా, చెక్కడానికి అనువుగా ఉండి, గాలి తగిలిన కొద్దీ గట్టిపడుతుంది. పాలరాయిలా నిగనిగలాడదు, నల్లరాయిలా మొండికేయదు. ఫిరంగి గుండు తగిలినప్పుడు పెళుసు రాయి పగిలి పెచ్చులు ఎగురుతుంది. ఈ మెత్తటి రాయి దెబ్బను కొంత తనలోనే దిగమింగుతుంది. లోపలా బయటా రాతి కట్టడం, మధ్యలో దట్టించిన మట్టి, ఇదీ గోడ నిర్మాణం. ఎత్తు మరీ ఎక్కువేమీ కాదు. ఫిరంగుల యుగంలో ఎత్తైన గోడ అంటే గురి చూడటానికి వీలైన గోడ. అందుకే ఎత్తు తగ్గించి మందం పెంచారు. భూమి వైపు అగడ్తలు తవ్వి నీరు నింపారు.

పరియాన్ వైపు మొగం పెట్టిన బురుజు

మనీలాలో స్పానిష్ వారు ఎప్పుడూ పిడికెడు మందే. ఊరు బతికేది చైనా సరుకు మీద. అక్కడి పట్టు ఇక్కడికి వచ్చి, గాలియన్ ఓడ ఎక్కి మెక్సికో రేవు అకపుల్కో చేరి, వెండిగా మారి తిరిగొచ్చేది. సరుకుతో పాటు చైనాలోని ఫూజియెన్ తీరం నుంచి వర్తకులు, వడ్రంగులు, దర్జీలు, రొట్టెలు కాల్చేవారు, చెప్పులు కుట్టేవారు వచ్చి స్థిరపడ్డారు. వారందరినీ 1580ల తొలినాళ్ల నుంచి పరియాన్ అనే ప్రత్యేక పేటలో ఉంచారు. మంటలు అంటుకున్నప్పుడల్లా పేట చోటు మారింది కానీ ఒక నియమం మారలేదు. అది గోడకు బయట ఉండాలి, గోడ మీది ఫిరంగికి అందేంత దగ్గరలో ఉండాలి. ఈశాన్య మూలనున్న శాన్ గాబ్రియెల్ బురుజు పని అదే. ఆ వైపు ఏ దేశపు నౌకాదళమూ రాలేదు. అక్కడి ఫిరంగుల ముందున్నది బజారు.

భయం ఒట్టిదేమీ కాదు, అలాగని న్యాయమైనదీ కాదు. 1593లో మలుక్కా దీవుల మీదికి దండయాత్రకు బయలుదేరిన దాస్మరీన్యాస్ తన ఓడకు తెడ్లు వేయడానికి చైనీయులను బలవంతంగా ఎక్కించాడు. దారిలో వారు తిరగబడి ఆయన్ను చంపేశారు. ఊరి చుట్టూ అంత పెద్ద గోడ కట్టించిన మనిషి గోడ దాటిన కొద్ది రోజుల్లోనే హతమయ్యాడు.

పదేళ్ల తరువాత, 1603లో, చైనా చక్రవర్తి తరఫున అధికారులు కొందరు వచ్చి, మనీలా దగ్గరి కావితెలో బంగారు కొండ ఉందట, చూసిపోతామన్నారు. ఇది దండయాత్రకు ముందస్తు ఎత్తుగడ అని స్పానిష్ వారు అనుమానించారు. గోడలకు మరమ్మతులు మొదలుపెట్టారు, ఆయుధాలు పోగుచేశారు. మనల్ని ఊచకోత కోయబోతున్నారన్న వదంతి పరియాన్‌లో పాకింది. ఇరువైపులా భయం పెరిగి పెరిగి, అక్టోబరు మొదట్లో తిరుగుబాటుగా పేలింది. చనిపోయిన గవర్నర్ కొడుకు లూయిస్ పెరెజ్ దాస్మరీన్యాస్ గోడ చాటున ఉండకుండా చిన్న దళంతో నది దాటి తోందో వైపు ఎదురువెళ్లాడు. ఆయనా, వెంట వెళ్లినవారిలో చాలామందీ అక్కడే చనిపోయారు. తరువాత తిరుగుబాటుదారులు నిచ్చెనలతో గోడ మీదికి వచ్చినప్పుడు ఫిరంగులు వారిని తిప్పికొట్టాయి. రాతి గోడ పెట్టుబడికి ఫలితం దక్కింది అంటే ఆ ఒక్క రోజే. వెనుదిరిగినవారిని స్పానిష్ సైనికులు, ఉత్తరాది పంపాంగా ప్రాంతపు స్థానిక యోధులు, మనీలాలోని జపనీయులు కలిసి వారాల తరబడి వేటాడి చంపారు. చనిపోయినవారు ఇరవై వేలకు అటూఇటుగా ఉంటారని అంచనాలు.

ఆ తరువాతి సంగతి స్పానిష్ అధికారులే రాసిపెట్టారు. ఊళ్లో తిండికి కటకట వచ్చింది. ఎంత డబ్బిచ్చినా చెప్పులు కుట్టేవాడు దొరకలేదు. కొద్దికాలంలోనే చైనా ఓడలను మళ్లీ రమ్మని బతిమాలారు. పరియాన్ మళ్లీ లేచింది. 1639లో మళ్లీ తిరుగుబాటు, మళ్లీ మారణకాండ, మళ్లీ పరియాన్. గోడకు, బజారుకు మధ్య సాగిన ఈ చక్రాన్ని చూస్తే రక్షణ అనే మాట ఎవరి నోట వచ్చిందో అడగకుండా ఉండలేం.

గుమ్మాల లెక్క

గోడ కంటే గుమ్మాలే ఎక్కువ చెబుతాయి. ఇంట్రామూరోస్ గుమ్మాలు కాలక్రమంలో పెరుగుతూ, చోట్లు మారుతూ వచ్చాయి. తూర్పున పుయెర్తా దెల్ పరియాన్ చైనా పేటకు దారి. ఉత్తరాన శాంతో దొమింగో, అల్మసేనెస్ గుమ్మాలు నదీ రేవుకు, గిడ్డంగులకు. పడమట శాంతా లూసియా గుమ్మం సముద్రతీరానికి. దక్షిణాన పుయెర్తా రియాల్, అంటే రాచగుమ్మం. గవర్నర్లు లాంఛనంగా ఊరేగి వచ్చే దారి అది. గవర్నరు నివాసానికి దగ్గర్లో గోడలో ఒక దిడ్డి వాకిలి కూడా ఉండేది, దాని పేరు పోస్తీగో.

కోణాకారపు కోటలో గుమ్మం అంటే గోడలోని కంత మాత్రమే కాదు. అగడ్త మధ్యలో గుమ్మానికి ఎదురుగా త్రికోణపు దిబ్బ లాంటి చిన్న కోట ఒకటి ఉంటుంది. బయటి నుంచి వచ్చేవాడు ముందు వంతెన దాటి ఆ దిబ్బ మీదికి చేరాలి, అక్కడ మలుపు తిరగాలి, మరో వంతెన దాటాలి, అప్పుడు గుమ్మం. తిన్నగా పరిగెత్తుకొచ్చే దారే ఉండదు. మలుపు తిరిగిన ప్రతిసారీ అతని పక్క భాగం ఏదో ఒక బురుజుకు గురి అవుతుంది. గుమ్మాలకు ఎత్తుడు వంతెనలు, కావలివాళ్లు. రాత్రి 11 గంటలకు వంతెనలు లేపితే తెల్లవారుజామున 4 గంటలకే మళ్లీ దించేవారు. పగలంతా పనికి, బేరానికి లోపలికి వచ్చిన చైనీయుడు ఆలోపే బయటపడాలి.

చెన్నపట్నం నుంచి వచ్చిన ముట్టడి

1762లో ఇంగ్లీషువారు చెన్నపట్నం నుంచి మనీలా మీదికి దండెత్తారు. ఆ కథ తెలుగువారికి మరీ దూరమైనదేమీ కాదు. కోరమాండల్ తీరపు నూలు బట్టలు అప్పటికి దాదాపు ఎనభై ఏళ్లుగా మనీలాకు వెళ్తున్నాయి. ఐరోపా వర్తకులకు మనీలా రేవులో ప్రవేశం నిషిద్ధం కాబట్టి చెన్నపట్నం ఇంగ్లీషు వర్తకులు ఆర్మీనియన్ల పేరుతో, ఇతర ఆసియా వర్తకుల పేరుతో ఓడలు నడిపేవారు. మనీలా ఆనుపానులు చెన్నపట్నానికి కొత్త కాదు.

దండయాత్రకు నాయకత్వం వహించిన విలియం డ్రేపర్‌కు ముట్టడి అంటే ఏమిటో గోడ లోపలి నుంచి తెలుసు. 1758 డిసెంబరు నుంచి 1759 ఫిబ్రవరి వరకు ఫ్రెంచి సేనాని లాలీ చెన్నపట్నం కోటను ముట్టడించినప్పుడు డ్రేపర్ లోపల ఉండి పోరాడాడు. కోటకు ఆనుకుని భారతీయులు ఉండే నల్లవారి పేట ఇళ్లు శత్రువుకు ఎంత చక్కటి చాటుగా పనికొస్తాయో అక్కడే చూశాడు. తరువాత సెలవు మీద చైనా రేవు కాంటన్ వెళ్లినప్పుడు మనీలా రక్షణ గురించి కూపీ లాగాడు. స్పెయిన్‌తో యుద్ధం మొదలవగానే అతని పథకానికి ఆమోదం దొరికింది. అతని రెజిమెంటు, కొంత ఫిరంగి దళం, ఫ్రెంచి సైన్యం నుంచి పారిపోయి వచ్చినవారు, ఈస్టిండియా కంపెనీ సిపాయిలు సుమారు 600 మంది, ఇదీ దండు. అడ్మిరల్ శామ్యూల్ కోర్నిష్ ఓడల్లో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1762 సెప్టెంబరు 23న మనీలా అఖాతంలోకి చేరారు.

యుద్ధం మొదలైందన్న అధికారిక కబురే అప్పటికి మనీలాకు అందలేదు. గవర్నరు కుర్చీ ఖాళీగా ఉంటే ఆర్చిబిషప్ మాన్యుయెల్ రోహో తాత్కాలికంగా ఆ బాధ్యత చూస్తున్నాడు. గోడ మీద నిలబడవలసిన రాజు సైన్యం ఆరువందలకు లోపే.

ఇంగ్లీషువారు ఊరికి దక్షిణాన దిగి మలాతె, ఎర్మీతా చర్చీలను స్థావరాలుగా చేసుకున్నారు. తరువాత గోడకు కూతవేటు దూరంలోని బగుంబయాన్ చర్చీల చాటుకు చేరారు. రాతితో కట్టిన ఆ చర్చీలే వారికి ఫిరంగుల స్థావరం, పహరా గోపురం, వాన నుంచి కాపు. విచిత్రం ఏమిటంటే వందేళ్ల క్రితమే ఈ ప్రమాదాన్ని స్పానిష్ వారు గుర్తించారు. 1662లో తైవాన్ నుంచి చైనా సేనాని కోషింగా దండెత్తి వస్తాడన్న భయంతో గవర్నర్ మన్రీకె దె లారా గోడ బయటి రాతి చర్చీలను కూల్చేయమని ఆజ్ఞాపించాడు. కోషింగా ఆ ఏడాదే చనిపోయాడు, భయం తీరింది, చర్చీలు మళ్లీ లేచాయి. పాదిరీలతో పంతానికి దిగి వాటిని ఆపగలిగిన గవర్నరు తరువాత ఎవరూ రాలేదు.

తాను ఎంచుకున్న చోటు గురించి డ్రేపర్ తన నివేదికలో ఇచ్చిన వివరణ ఒక ఇంజనీరు తనిఖీ పత్రంలా ఉంటుంది. శాన్ దియేగో, శాన్ ఆంద్రెస్ బురుజులు చక్కటి స్థితిలో ఉన్నాయి, వాటిమీద మంచి ఇత్తడి ఫిరంగులున్నాయి అంటాడు. రాచగుమ్మం ముందున్న త్రికోణపు కోటలో మాత్రం ఒక్క ఫిరంగీ లేదు. అగడ్త బయటి చాటుదారి శిథిలమైంది. బయటి మట్టికట్ట ఎత్తు చాలదు. అన్నిటికంటే ముఖ్యం, శాన్ దియేగో బురుజు ముక్కు చుట్టూ అగడ్త తవ్వనే లేదు. అందుకే గండి అక్కడే కొట్టాలని నిశ్చయించుకున్నాడు. సెదేన్యో పాదిరి గుండ్రటి బురుజును పాతిపెట్టుకున్న మూల అదే. 170 ఏళ్లలో గవర్నర్లు మారారు, వెండి వచ్చింది, పోయింది, గోడ మీద గోడ కట్టారు. ఆ నాలుగు గజాల అగడ్త తవ్వించడం మాత్రం ఎవరికీ తోచలేదు.

అక్టోబరు 4న పంపాంగా యోధులు వెయ్యిమంది దాకా వచ్చి ఇంగ్లీషు శిబిరాల మీద పడ్డారు. ఫిరంగులకు ఎదురుగా ఈటెలతో, విల్లంబులతో వారు చేసిన ఆ దాడిలో కనబడిన తెగువ గోడ లోపల కనబడలేదు. 5వ తేదీకి గండి పడింది. 6న తెల్లవారగానే దాడి. గండి దగ్గర పెద్దగా ప్రతిఘటన లేదు. నిజమైన పోరు గుమ్మం దగ్గర జరిగింది. రాచగుమ్మం పైనున్న కావలి గదిలో చిక్కుకున్న వందమంది స్పానిష్ సైనికులు, స్థానికులు లొంగిపోవడానికి ఒప్పుకోక అక్కడే నరకబడ్డారు. ఆ గుమ్మం దగ్గరే మేజర్ మోర్ అనే ఇంగ్లీషు అధికారి బాణం దిగి చనిపోయాడు. తుపాకీ యుగం మధ్యాహ్నంలో బాణం దెబ్బ. ఉత్తరపు గుమ్మాల గుండా నదిలోకి దూకినవారిలో మూడువందల మంది మునిగిపోయారు.

ఊరు కొల్లగొట్టకుండా ఉండటానికి 40 లక్షల పెసోల మూల్యం అడిగారు. అంత సొమ్ము ఎన్నడూ పూర్తిగా చేరలేదు. ముట్టడి ముగిసే ముందే సిమోన్ దె ఆందా అనే న్యాయాధికారి ఊరు దాటి ఉత్తరాది పల్లెలకు చేరి, అక్కడి నుంచే ప్రభుత్వం నడిపాడు. ఇంగ్లీషువారికి దక్కింది గోడ లోపలి నేల, చుట్టూ కొంత మేర. గోడకు అవతలి దేశం దక్కలేదు. ఊరిని కాపాడటానికి కట్టిన గోడ ఆ రెండేళ్లు ఆక్రమణదారులనే లోపల బంధించింది. 1764లో వారు వెళ్లిపోయినప్పుడు కొందరు సిపాయిలు తిరుగు ఓడ ఎక్కలేదు. మనీలాకు తూర్పున కాయింతా పరిసరాల్లో స్థిరపడి, అక్కడి అమ్మాయిలను పెళ్లాడి కలిసిపోయారు. ఆ ప్రాంతంలో తమది సిపాయిల వంశమని చెప్పుకునే కుటుంబాలు నేటికీ ఉన్నాయి.

ఇటు చెన్నపట్నంలో లాలీ ముట్టడి తరువాత ఇంగ్లీషువారు కోట పక్కనున్న నల్లవారి పేటను నేలమట్టం చేసి ఫిరంగులకు అడ్డులేని మైదానం చేసుకున్నారు. నేడు హైకోర్టు ఉన్న చోటు అదే. అటు మనీలాలో స్పానిష్ వారు తిరిగొచ్చాక బగుంబయాన్ ఊరిని, చర్చీలను తొలగించి అలాంటి మైదానమే చేశారు. అది ఈనాటి రిజాల్ పార్కు. రెండు సామ్రాజ్యాలు ఒకే పాఠాన్ని ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నాయి. రెండు చోట్లా ఇల్లు పోగొట్టుకున్నవాడు స్థానికుడే.

కరిగిపోయిన హద్దు

తరువాతి కాలంలో కొత్త ఇంజనీర్లు వచ్చి, డ్రేపర్ ఎత్తిచూపిన లోపాలను సరిదిద్దుతూ పోయారు. పుయెర్తా రియాల్‌ను 1780లో కాస్త పక్కకు జరిపి కొత్తగా కట్టారు. గోడ మునుపెన్నడూ లేనంత పటిష్ఠంగా తయారైన ఆ దశలోనే దాని అవసరం తగ్గడం మొదలైంది. వ్యాపారం నది అవతల బినోందోకు మళ్లింది. ధనవంతుల ఇళ్లు, గిడ్డంగులు, విదేశీ కంపెనీలు అక్కడే వెలిశాయి.

గుమ్మాల తీరు మార్చింది యుద్ధం కాదు, భూకంపం. 1852 భూకంపం తరువాత గుమ్మాలు రాత్రింబవళ్లు తెరిచే ఉంచాలని ఉత్తర్వు వెలువడింది. నేల కదిలినప్పుడు బయటికి పరిగెత్తే దారి మూసి ఉంటే లోపలివారికే ముప్పు కదా. 1861లో బినోందో వైపు రాకపోకల రద్దీ తట్టుకోలేక రెండో ఇసాబెల్ రాణి పేరిట మరో గుమ్మం తెరిచారు. కోట గుమ్మాల్లో అదే చివరిది, జనం సౌకర్యం కోసం పెట్టినదీ అదే. 1863 భూకంపంలో గవర్నరు భవనం కూలిపోయింది. ఆయన నది పక్కనున్న మలకన్యాంగ్ వేసవి భవనానికి మకాం మార్చి, మళ్లీ లోపలికి రాలేదు. గోడ బయటే పాలకుడు నిశ్చింతగా నిద్రపోతున్నాడంటే గోడకు మిగిలిన పని ఏమిటి?

మిగిలింది చెరసాల పని. 1896 డిసెంబరు 30న ఫిలిప్పినో జాతీయవాద రచయిత హోసె రిజాల్‌ను ఫోర్ట్ శాంతియాగో నుంచి నడిపించుకుంటూ పోస్తీగో దిడ్డి వాకిలి గుండా బగుంబయాన్ మైదానానికి తీసుకెళ్లి కాల్చి చంపారు. ఫిరంగుల కోసం ఖాళీ చేసిన నేల అప్పటికి మరణశిక్షల మైదానమైంది.

1898లో అమెరికా స్పెయిన్‌తో యుద్ధానికి దిగింది. ఆ ఏడాది ఆగస్టు 13 నాటి ఘట్టం అయితే పచ్చి నాటకం. అగ్వినాల్దో నాయకత్వంలోని ఫిలిప్పినో విప్లవ సేనలు అప్పటికే మనీలాను చుట్టుముట్టి ఉన్నాయి. స్పానిష్ గవర్నరు హౌదెనెస్, అమెరికన్ సేనానులు దూయీ, మెరిట్ ముందే కూడబలుక్కున్నారు. పరువు దక్కేలా కాసేపు కాల్పులు జరపాలి, తరువాత గోడ మీద తెల్లజెండా ఎగరాలి, ఫిలిప్పినో సేనలను మాత్రం లోపలికి రానివ్వకూడదు. అలాగే జరిగింది. స్పెయిన్ తన చివరి రోజున కూడా ఆ గోడను వాడుకున్నది స్థానికులను బయట ఉంచడానికే. మూడు శతాబ్దాల పాటు గోడ ఎవరి కోసం నిలబడిందన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు దొరకదు.

కొత్త యజమానులు, చివరి ముట్టడి

అమెరికన్లకు గోడ మీద భయభక్తులేవీ లేవు, పారిశుద్ధ్యం మీద ఉన్నాయి. 1903లో నదీ రేవును విస్తరించడానికి శాంతో దొమింగో గుమ్మం నుంచి అల్మసేనెస్ గుమ్మం వరకు గోడను తీసేసి ఆ రాళ్లను వేరే కట్టడాలకు వాడారు. వాహనాల కోసం మరో నాలుగు చోట్ల గండ్లు కొట్టారు. దోమలకు, కుళ్లుకు నిలయమైన అగడ్తలను, కొత్త ఓడరేవు కోసం అఖాతంలోంచి తోడిన బురదతో పూడ్చి, పైన పచ్చిక పెంచి గోల్ఫు మైదానం చేశారు. నగర ప్రణాళిక రాయడానికి 1904 చివర్లో వచ్చిన అమెరికన్ వాస్తుశిల్పి డేనియల్ బర్న్‌హామ్ గోడలను కూల్చవద్దని సలహా ఇవ్వడం వల్ల మిగిలినవి మిగిలాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో మనీలాను ఆక్రమించుకున్న జపాన్ సేనలు 1945 ఫిబ్రవరిలో, అమెరికన్లు తిరిగొచ్చినప్పుడు, చివరి పోరాటానికి ఆ గోడల్లోకే చేరాయి. లోపల వేల మంది పౌరులున్నారు. పాత గోడ ఆధునిక సైన్యాన్ని ఆపదనుకోవడం పొరపాటు. అంత మందాన మట్టి దట్టించిన రాయిని ఛేదించడానికి అమెరికన్లు భారీ ఫిరంగులను రోజుల తరబడి పేల్చవలసి వచ్చింది. ఫిబ్రవరి 23 ఉదయం తూర్పు గోడ గండ్ల నుంచి ఒక దళం, పాసిగ్ నదిని పడవల్లో దాటి ఉత్తరం నుంచి మరో దళం లోపలికి చొచ్చుకెళ్లాయి. నది వైపు గోడను వారి పెద్దలే 1903లో తీసేశారు. నెల రోజుల మనీలా యుద్ధంలో లక్షకు పైగా పౌరులు చనిపోయారు. గోడ లోపలి పెద్ద చర్చీలలో 1607లో పూర్తయిన శాన్ అగుస్తీన్ ఒక్కటే నిలబడింది.

1951లో ఇంట్రామూరోస్‌ను జాతీయ స్మారకంగా ప్రకటించినా చాలాకాలం అది శిథిలాలు, గిడ్డంగులు, గుడిసెలు కలగలిసిన చోటుగానే ఉండిపోయింది. 1979లో ప్రత్యేక పాలక సంస్థ ఏర్పడ్డాక గుమ్మాల పునర్నిర్మాణం ఊపందుకుంది. పుయెర్తా రియాల్, పరియాన్, ఇసాబెల్ గుమ్మాలు పాత రూపానికి దగ్గరగా మళ్లీ లేచాయి. ఏ శతాబ్దపు రూపానికి అన్నది మాత్రం వాదనకు తావిచ్చే విషయమే. నేడు పర్యాటకుడు చూసేది ఎక్కువగా 1762 ఓటమి తరువాత దిద్దుకున్న గోడ. దానిలోనూ చాలా భాగం ఇటీవలి రాయి. శాన్ దియేగోలో మాత్రం తవ్వి బయటపెట్టిన పాత వలయాలను పూర్తి చేయకుండా ఉన్నదున్నట్టు వదిలేశారు. పునరుద్ధరణ పనుల్లో నిజాయితీగా కనిపించేది అదే.

పరియాన్‌కు ఆ పాటి పునరుద్ధరణ కూడా దక్కలేదు. శాన్ గాబ్రియెల్ ఫిరంగులు గురి పెట్టిన ఆ బజారును 18వ శతాబ్దం చివర్లో స్పానిష్ వారే పూర్తిగా తొలగించారు. ఆ నేల మీద ఇప్పుడు మెహాన్ గార్డెన్ అనే తోట, చుట్టూ ప్రభుత్వ భవనాలు ఉన్నాయి. వ్యాపారం మాత్రం నది దాటి బినోందోలో కొనసాగుతోంది. 1594లో క్రైస్తవ చైనీయుల కోసం లూయిస్ దాస్మరీన్యాస్ కేటాయించిన పేట అది. ప్రపంచంలోకెల్లా పాత చైనా టౌన్‌గా పేరుపడిన ఆ పేట చుట్టూ ఎన్నడూ గోడ లేదు.